అంతర్జాతీయ న్యాయం: యుద్ధం, పేదరికం, శరణు – హైదరాబాదు పాతబస్తీ అనుభవం

యుద్ధానికి దిగే హక్కు ఎవరికుంది, యుద్ధంలో ఏ పని చేయకూడదు, ఒక దేశపు పేదలకు ఇంకో దేశపు సంపన్నులు ఏమైనా బాకీ పడ్డారా, ప్రాణభయంతో సరిహద్దు దాటి వచ్చినవాళ్లను వెనక్కి పంపవచ్చా అన్న ప్రశ్నలను కలిపి ఆలోచించే తత్త్వశాస్త్ర శాఖను అంతర్జాతీయ న్యాయ తత్త్వం అంటారు. విశ్వవిద్యాలయాల్లో దీన్ని నూరెంబర్గ్, వియత్నాం, రువాండాల ఉదాహరణలతో చెబుతారు. మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. మూసీకి దక్షిణాన ఉన్న హైదరాబాదు పాతబస్తీ గత ఎనభై ఏళ్ల చరిత్రలోనే ఈ ప్రశ్నలన్నీ నిజమైన మనుషుల రూపంలో తగులుతాయి. భద్రతా మండలి దాకా వెళ్లిన ఒక యుద్ధం, లోకానికి తెలియకుండా అరవై ఏళ్లకు పైగా దాగిన ఒక నివేదిక, లండన్ బ్యాంకులో డెబ్బై ఏళ్లు చిక్కుకున్న సొమ్ము, గల్ఫ్ వలసలు, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు అందులో ముఖ్యమైనవి. వీటిని వరుసగా చూస్తే ఏది న్యాయమన్న చర్చకన్నా ముందు తేలాల్సిన సంగతి ఒకటి కనబడుతుంది. న్యాయం అడగడానికి అర్హులుగా ఎవరిని లెక్కించారు? దాదాపు ప్రతిసారీ ఆ అర్హత ప్రభుత్వాలకు దక్కింది. దెబ్బ తిన్నవాళ్లకు దక్కలేదు.

1948: ప్యారిస్‌లో ఫిర్యాదు, పల్లెల్లో యుద్ధం

1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టం ఏడో సెక్షను సంస్థానాల మీద బ్రిటిషు రాజు ఆధిపత్యాన్ని రద్దు చేసింది. ఆ ఆధిపత్యం ఎవరి చేతికి పోతుందో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీలోనే హైదరాబాదు వివాదం పుట్టింది. 82 వేల చదరపు మైళ్ల నేల, కోటీ అరవై లక్షల జనం, సొంత నాణెం, తపాలా, రైల్వే, సైన్యం ఉన్న రాజ్యానికి స్వతంత్ర ప్రతిపత్తి కావాలని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోరాడు. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. అది కుదిరిన మరుక్షణం నుంచే తగవులు. పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల రుణం ఇచ్చారని ఢిల్లీ ఆక్షేపించింది. సరుకులు రాకుండా దిగ్బంధం చేస్తున్నారని హైదరాబాదు మొరపెట్టుకుంది.

ఈ వాదులాట నడుస్తున్నప్పుడు సంస్థానంలోని ప్రజలు ఎలా బతుకుతున్నారు? తెలంగాణ పల్లెల్లో వెట్టి చాకిరీకీ దొరల గడీలకూ ఎదురుతిరిగిన రైతులు 1946 నుంచే పోరాటంలో ఉన్నారు. ఆ ఏడాది జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన, కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఊరి మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు. అదే నెలలో, సంస్థానం భారతదేశంలో కలవాలని రాసిన ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నగరంలోనే చంపారు. ఆయన ముస్లిం. ఈ గొడవను రెండు మతాల కొట్లాటగా చెప్పే కథలు ఆయన పేరు దగ్గర నిలవవు.

ఆ ఆగస్టు 21నే నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి తంతి పంపింది. ఐక్యరాజ్య సమితిలో సభ్యత్వం లేని రాజ్యం కూడా తన వివాదాన్ని మండలి ముందుంచవచ్చని చెప్పే 35వ అధికరణం రెండో క్లాజు ఆ ఫిర్యాదుకు ఆధారం. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో ప్రతినిధి వర్గం ప్యారిస్ చేరింది. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టింది. 16న మండలి సమావేశమై, ఎనిమిది అనుకూల ఓట్లతో విషయాన్ని చర్చకు తీసుకుంది. వ్యతిరేక ఓటు ఒక్కటీ పడలేదు. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా ఎటూ ఓటు వేయలేదు. మరునాడే నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న నిజాం సేనాని జనరల్ ఎల్ ఎద్రూస్, భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయాడు. ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నానని 22న నిజాం పేర మరో తంతి వెళ్లింది. ఒత్తిడి పెట్టి రాయించారని ప్రతినిధి వర్గం వాదించింది. మండలి 1949 మే దాకా ఆ సంగతి మాట్లాడింది, తీర్మానమేదీ చేయలేదు. అయినా ‘హైదరాబాదు సమస్య’ అన్న శీర్షిక మండలి పరిశీలనాంశాల జాబితాలో దశాబ్దాల పాటు అలాగే మిగిలిపోయింది.

భారత ప్రతినిధి రామస్వామి మొదలియార్ వాదన సూటిగా ఉంది. హైదరాబాదు అసలు రాజ్యమే కాదు, ఇది మా ఇంటి వ్యవహారం, కాబట్టి మండలికి విచారించే అధికారం లేదు. రెండో పక్షం వాదన కూడా అంతే సూటిగా ఉంది. బ్రిటిషు ఆధిపత్యం పోయింది గనుక మేము రాజ్యమే, మా మీద దండయాత్ర జరుగుతోంది. అమెరికన్ న్యాయశాస్త్రవేత్త క్లైడ్ ఈగిల్టన్ 1950లో రాసిన వ్యాసంలో మండలి తన బాధ్యత నెరవేర్చలేదని విమర్శించాడు.

యుద్ధ న్యాయ సిద్ధాంతంలో ఇది క్లిష్టమైన ఉదాహరణ. మైకేల్ వాల్జర్ 1977లో వెలువరించిన ‘న్యాయ, అన్యాయ యుద్ధాలు’ పుస్తకంలో దురాక్రమణ ఎందుకు నేరమో వివరించాడు. రాజ్యం హద్దుల వెనక ఒక ప్రజాసమూహం తన బతుకును తానే దిద్దుకుంటూ ఉంటుంది, ఆ హద్దును తొక్కితే ఆ బతుకును తొక్కినట్టే. అయితే రాజ్యానికీ ప్రజలకూ పొంతన లేకుండా పోయి, పాలకుడు జనాన్ని ఊచకోత కోస్తున్నచోట ఆ రక్షణ వర్తించదని కూడా ఆయనే అన్నాడు. రజాకార్లను అదుపు చేయలేని, చేయని నిజాం ప్రభుత్వానికి 1948 నాటికి బైరాన్‌పల్లి తరఫున మాట్లాడే నైతికార్హత లేదు. ఈ మాట అనడానికి వెనకాడనక్కర్లేదు. కానీ దాన్నిబట్టి ఎదుటి పక్షానికి అన్నీ చెల్లిపోవు. భారత సైన్యమే తర్వాత కమ్యూనిస్టుల మీదికి, వాళ్లను నమ్మి భూమి దున్నుకున్న రైతుల మీదికి తిరిగింది. పోరాట విరమణ జరిగింది 1951 అక్టోబరులో. ప్యారిస్ చర్చలో హైదరాబాదు రాజ్యమా కాదా అని అందరూ అడిగారు. ఆ రాజ్యంలో భూమి లేనివాడు ఏం కోరుతున్నాడని ఎవరూ అడగలేదు.

యుద్ధానంతర న్యాయం

యుద్ధానికి దిగడంలో న్యాయం, యుద్ధం నడపడంలో న్యాయం అని పూర్వ సిద్ధాంతకర్తలు రెండు భాగాలు చేశారు. యుద్ధం ముగిశాక గెలిచినవాడి బాధ్యత ఏమిటన్న మూడో భాగం ఇటీవలి దశాబ్దాల్లోనే గట్టిగా చర్చకు వచ్చింది. హైదరాబాదు విషయంలో తూకం మారేది ఈ మూడో భాగం దగ్గరే.

సైనిక చర్య అయిదు రోజుల్లో ముగిసింది. ఆ తర్వాతి వారాల్లో ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ముస్లింల మీద మారణకాండ సాగింది. వార్తలు విని నెహ్రూ విచారణకు పంపిన బృందంలో పండిత సుందర్‌లాల్, ‘పయామ్’ పత్రిక నడిపిన కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఉన్నారు. నవంబరు చివరి నుంచి డిసెంబరు మూడో వారం దాకా వాళ్లు ఊరూరా తిరిగారు. సైనిక చర్య సమయంలోనూ ఆ తరువాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. చంపినవాళ్లలో ఎక్కువమంది స్థానిక మూకలు. కొన్నిచోట్ల సైన్యం, పోలీసుల చేయి కూడా ఉందని నివేదిక రాసింది. రజాకార్ల దురాగతాలకు ప్రతీకారమన్న సంగతినీ దాచలేదు. హిందువులు తమ ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన ఘటనలనూ నమోదు చేసింది. ఒకే వృత్తి చేసుకునేవాళ్ల మధ్య ఆ ఆప్యాయత బలంగా కనిపించిందని, ముస్లిం నేతగాళ్లను కాపాడబోయి హిందూ నేతగాళ్లు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారని అందులో ఉంది. రాజ్యాల మధ్య న్యాయం గురించి ఇన్ని పుస్తకాలు వచ్చాయి గానీ, ఆ నేతగాళ్లు చూపిన న్యాయం ఏ సిద్ధాంతంలోకి వస్తుందో ఇంకా ఎవరూ సరిగ్గా రాయలేదు.

నివేదికను ప్రచురించలేదు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది 2013లో గానీ అందరికీ అందుబాటులోకి రాలేదు. చంపినవాళ్ల మీద సమగ్ర విచారణ లేదు, చనిపోయినవాళ్ల కుటుంబాల పేర్లతో జాబితా లేదు. పాతబస్తీ పేదరికంలో ఒక పాయ ఇక్కడే మొదలైంది. జిల్లాల నుంచి ప్రాణాలు దక్కించుకున్న కుటుంబాలు నగరానికి వచ్చి బంధువుల ఇళ్లలో చేరాయి. అదే కాలంలో నిజాం సైన్యాన్ని రద్దు చేశారు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీరు రద్దు న్యాయమే. కానీ జాగీర్దారుకు పరిహారం వచ్చింది, అతని దేవిడీని (భవంతిని) నమ్ముకుని బతికిన సిపాయికీ గుమాస్తాకూ వంటవాడికీ ఏమీ రాలేదు. పాలకుడు చేసిన తప్పుకు అతని మతంవాళ్లంతా మూల్యం చెల్లించాలా అన్నది సామూహిక బాధ్యత సిద్ధాంతంలో పుస్తకాల ప్రశ్న. 1948లో ఆ జిల్లాల్లో దానికి కత్తులతో జవాబు చెప్పారు.

బార్కాస్, చాంద్రాయణగుట్ట ప్రాంతాల్లో నిజాం అరబ్బు సిపాయిల వంశస్థులు ఉన్నారు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వాళ్ల పూర్వీకులు తరాల క్రితమే వచ్చారు. 1948 తరువాత వాళ్లలో చాలామందిని పరదేశులుగా లెక్కగట్టి నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించారు. ఇక్కడే పుట్టినవాడు ఏ దేశంవాడన్న ప్రశ్న రోహింగ్యాలకన్నా చాలాముందే పాతబస్తీకి వచ్చింది.

హమీదుల్లా

ప్యారిస్ వెళ్లిన ప్రతినిధి వర్గంలో ముహమ్మద్ హమీదుల్లా అనే నలభై ఏళ్ల పండితుడు ఉన్నాడు. 1908లో హైదరాబాదులో పుట్టాడు. పాతబస్తీలోని జామియా నిజామియాలో, తరువాత ఉర్దూ మాధ్యమంలో నడిచిన ఉస్మానియాలో చదివి, బాన్‌లోనూ సోర్బాన్‌లోనూ డాక్టరేట్లు పొందాడు. తిరిగి వచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించాడు. ఆ శాస్త్రాన్ని పదిహేడో శతాబ్దపు డచ్చి పండితుడు గ్రోషియస్‌తో మొదలుపెట్టే పాఠాలకు ఆయన ఒప్పుకోలేదు. ఎనిమిదో శతాబ్దపు ఇరాకు న్యాయవేత్త అల్ షైబానీ యుద్ధ ఖైదీల గురించి, సంధుల గురించి, తటస్థుల గురించి రాసిన నియమాలను ఆధునిక పరిభాషలో పెట్టి చూపాడు. మహాభారతంలో కురుక్షేత్రానికి ముందు రెండు పక్షాలూ ఒప్పుకున్న యుద్ధ నియమాలు చదివిన తెలుగు పాఠకుడికి ఈ వాదన కొత్తగా తోచదు. ఆయుధం విడిచినవాడిని కొట్టరాదు, పారిపోయేవాణ్ని తరమరాదు అన్న ఆలోచన ఒక్క ఖండం సొత్తు కాదు.

1948 సెప్టెంబరు తరువాత హమీదుల్లా తిరిగి రాలేదు. దాదాపు అర్ధ శతాబ్దం ప్యారిస్‌లో శరణార్థిగానే బతికాడు. ఫ్రెంచి భాషలోకి ఖురాను అనువదించాడు, పరిశోధనలు చేశాడు, ఇంకో దేశపు పౌరసత్వం తీసుకోలేదు. 2002లో అమెరికాలో కన్నుమూశాడు. ఆయన సమర్థించిన నిజాం పక్షాన్ని నేను సమర్థించలేను. దేశాల మధ్య న్యాయం బోధించిన ఆచార్యుడు ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోవడం మాత్రం హన్నా ఆరెంట్ 1951లో రాసిన మాటకు సాక్ష్యంగా కనిపిస్తుంది. అన్ని హక్కులకన్నా ముందు, హక్కులు కలిగి ఉండే హక్కు ఒకటుండాలని ఆమె వాదించింది.

లండన్ సొమ్ము

1948 సెప్టెంబరు 20న, అంటే లొంగుబాటు తరువాత, మొయిన్ నవాజ్ జంగ్ ఆదేశంతో లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని హైదరాబాదు ఖాతా నుంచి పది లక్షల పౌండ్లకు కొంచెం పైగా పాకిస్తాన్ హైకమిషనర్ రహింతులా పేరిట మారింది. నిజాం వెనక్కి ఇమ్మన్నాడు. దావా 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి, పరాయి రాజ్యం మీద దావా చెల్లదన్న సూత్రం దగ్గర ఆగింది. 2013లో పాకిస్తానే కోర్టుకెక్కడంతో ఆ అడ్డు తొలగింది. 2019 అక్టోబరు 2న జస్టిస్ మార్కస్ స్మిత్ తీర్పు చెప్పాడు. అప్పటికి మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగిన ఆ సొమ్ము ఏడో నిజాంకు, ఆయన ద్వారా హక్కు పొందిన భారత ప్రభుత్వానికీ ఇద్దరు మనవలకూ చెందుతుందని తేల్చాడు.

ప్రపంచ పేదరికం మీద థామస్ పోగె చేసిన విమర్శ ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. ఒక దేశంలో అధికారం ఎలా చేజిక్కినా సరే, అధికారంలో ఉన్నవాడు ఆ దేశం పేర అప్పు చేయవచ్చు, దాని సంపద అమ్మవచ్చు, సొమ్ము బయటికి పంపవచ్చు అని లోకం ఒప్పుకుంటోంది. పేద దేశాలను పేదగా ఉంచే నియమాల్లో ఇదొకటని ఆయన వాదం. 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద లోకంలోకెల్లా ధనవంతుడిగా నిలిచిన రాజు ఖజానా రైతు కట్టిన శిస్తుతో నిండింది. డెబ్బై ఏళ్ల దావాలో రాజు, రాజు మనవలు, రెండు దేశాల ప్రభుత్వాలు కక్షిదారులు. శిస్తు కట్టినవాళ్ల వారసులు ఎవరి పక్షానా లేరు.

గల్ఫ్: యుద్ధ పరిహారం, కఫీల్ చట్టం

1970లలో చమురు ధర పెరిగాక పాతబస్తీ నుంచి కువైట్, సౌదీ, ఎమిరేట్లకు వలస మొదలైంది. డ్రైవర్లు, మేస్త్రీలు, దర్జీలు, ఇళ్లలో పనిచేసే ఖద్దామాలు వెళ్లారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో అక్కడి భారతీయులు రోడ్డున పడ్డారు. దాదాపు లక్షా డెబ్బై వేల మందిని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. వాళ్లలో హైదరాబాదు, కడప, గోదావరి జిల్లాలవాళ్లు ఎందరో ఉన్నారు.

ఆ యుద్ధం తరువాత జరిగింది చరిత్రలో అరుదైనది. భద్రతా మండలి 1991లో ఐక్యరాజ్య సమితి పరిహార సంఘాన్ని జెనీవాలో ఏర్పాటు చేసి, ఇరాక్ చమురు రాబడి నుంచి బాధితులకు చెల్లించమంది. కువైట్ వదిలి రావాల్సి వచ్చిన సాదా కూలీకి కూడా స్థిరమైన మొత్తం దక్కింది. ఒంటరి వ్యక్తికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. మరే రకం దావా వేయనని ఒప్పుకుంటే అది 4,000, 8,000 అయ్యేది. పెద్ద కంపెనీల దావాలకన్నా ఈ చిన్న దావాలకే ముందు చెల్లించారు. సుమారు 15 లక్షల మందికి 52.4 బిలియన్ డాలర్లు పంచాక, 2022 జనవరిలో చివరి విడత ముగిసింది. దావాలు ప్రభుత్వాల ద్వారానే వేయాలన్నది నియమం. కానీ ఏ ప్రభుత్వమూ లేని పాలస్తీనీయుల తరఫున అంతర్జాతీయ సంస్థలు వేయడానికి ఒప్పుకున్నారు. పేదవాడి గాయం అంతర్జాతీయ న్యాయానికి కనిపించిన సందర్భాల్లో దీన్ని మొదట లెక్కించాలి.

ఆ న్యాయం ఖర్చు ఎవరు భరించారు? ఆంక్షల కింద మందులూ తిండీ కరువైన ఇరాకీలు. 1996లో ఆహారానికి చమురు పథకం మొదలయ్యాక కూడా రాబడిలో 30 శాతం పరిహార నిధికి పోయేది. తరువాత దాన్ని 25కి, 2003లో 5కి తగ్గించారు. సద్దామ్‌ను వాళ్లు ఎన్నుకోలేదు, కువైట్ మీదికి వాళ్లు పంపలేదు. పాతబస్తీ మేస్త్రీకి పరిహారం అందడం న్యాయం. అది బస్రా పిల్లవాడి పాలలోంచి కోత పడటం అన్యాయం. రెండూ ఒకే ఖాతాలో జరిగాయి. ఈ చిక్కు నుంచి బయటపడే సిద్ధాంతం ఏదీ నాకు తృప్తినివ్వలేదు.

శాంతికాలంలో గల్ఫ్ కార్మికుడి స్థితి ఇంకో వాదాన్ని పరీక్షకు పెడుతుంది. పీటర్ సింగర్ 1972లో, తూర్పు బెంగాలు శరణార్థుల కష్టం చూసి రాసిన వ్యాసంలో, ఆపన్నుడికి సాయం చేయడంలో దూరం ఒక సాకు కాదన్నాడు. జాన్ రాల్స్ 1999 నాటి తన పుస్తకంలో అంత దూరం వెళ్లలేదు. కుంగిపోయిన సమాజాలు నిలదొక్కుకునేదాకా సాయం చేస్తే చాలన్నాడు. థామస్ నేగల్ 2005లో మరీ బిగించాడు. ఒకే రాజ్యపు బలవంతం కింద, ఒకే రాజ్యపు పౌరులుగా ఉన్నవాళ్ల మధ్యే సమన్యాయం బాకీ ఉంటుందని, మిగతాది మానవతేనని వాదించాడు. మరి ఖతార్‌లో పనిచేసే పాతబస్తీ డ్రైవర్ సంగతి? అక్కడి చట్టం అతని మీద పూర్తిగా నడుస్తుంది. ఆ చట్టం చేయడంలో అతనికి ఏ పాలూ లేదు. జనాభాలో అత్యధికులు అతనిలాంటి పరదేశులే. కఫీల్ (వీసాకు పూచీ పడిన యజమాని) సంతకం లేకుండా ఉద్యోగం మారడం, ఊరికి రావడం కుదరని రోజులు చాలాకాలం నడిచాయి. ఖతార్ 2020 నాటికి, సౌదీ 2021లో కొన్ని సడలింపులు తెచ్చాయి. వలస కార్మికుల హక్కుల మీద 1990లో వచ్చిన ఐక్యరాజ్య సమితి ఒడంబడికలో గల్ఫ్ దేశాలు చేరలేదు, భారతదేశమూ చేరలేదు. పదో తరగతి పాసవని మహిళ ముప్పై ఏళ్లు నిండేదాకా గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లరాదని మన నియమం. రక్షణ కోసమే పెట్టారు. అయినా ఇంట్లో అప్పు ఆగదు గనుక ఆమె ఏజెంటు చేతిలో విజిట్ వీసాతో వెళ్తుంది, అప్పుడు ఆమె పేరు ఏ ప్రభుత్వం రికార్డులోనూ ఉండదు.

డబ్బు ఎటు ఉందో బలం అటే ఉన్నప్పుడు సరిహద్దు దాటి వచ్చేది కూలీని కోరేవాడే కాదు. 1991లో ఢిల్లీ వెళ్లే విమానంలో ఏడుస్తున్న పాతబస్తీ బాలికను ఒక విమాన పరిచారిక గమనించడంతో, అరవై ఏళ్ల సౌదీ పౌరుడితో పదేళ్ల పిల్లకు జరిగిన పెళ్లి దేశమంతటికీ తెలిసింది. 2017 సెప్టెంబరులో దక్షిణ మండలం పోలీసులు ఇలాంటి పెళ్లిళ్ల కేసులో ఒమన్, ఖతార్ దేశస్థులతో పాటు కాజీలనూ దళారులనూ అరెస్టు చేశారు. దీన్ని ఒక మతపు దురాచారంగా చెప్పి ఊరుకునే రాతలు అసలు సంగతిని వదిలేస్తాయి. ఇక్కడ కొనేవాడి సంపదా అమ్మబడిన పిల్ల లేమీ రెండు దేశాల మధ్య అంతరం నుంచే వచ్చాయి.

బాలాపూర్: శరణు

2012 నుంచి మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం వదిలి వచ్చిన రోహింగ్యాలు బాలాపూర్, షాహీన్‌నగర్, కిషన్‌బాగ్ ప్రాంతాల్లో టార్పాలిన్ గుడిసెల్లో, అద్దె గదుల్లో కొన్ని వేల మంది ఉన్నారు. ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డే వాళ్లకున్న ఏకైక గుర్తింపు. పాతబస్తీ స్వచ్ఛంద సంస్థ కోవా ఆ సంస్థకు తోడుగా బడి, వైద్యం చూసింది. చెత్త ఏరడం, కూలిపని, మాంసం దుకాణాల్లో చాకిరీ వాళ్ల జీవనాధారం. చోటిచ్చిన ఇరుగుపొరుగు కూడా పేదలే. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1795లో రాసిన ‘శాశ్వత శాంతి’లో, పరదేశికి ఆతిథ్యం దయ కాదు హక్కు అన్నాడు, పంపిస్తే ప్రాణం పోయేవాణ్ని పంపరాదన్నాడు. దానికి చట్టరూపమైన 1951 శరణార్థి ఒడంబడికలో భారతదేశం చేరలేదు.

సుప్రీంకోర్టు 1996లో చక్మాల కేసులో ప్రాణ రక్షణ హక్కు పౌరులకే కాదు, మనుషులందరికీ ఉందని చెప్పింది. 2021 ఏప్రిల్ 8న రోహింగ్యాల కేసులో ఆ మాటను కాదనకుండానే, దేశంలో నివసించే హక్కు పౌరులదేనని, చట్టప్రకారం వెనక్కి పంపడాన్ని ఆపలేమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్రాణహక్కును ఒప్పుకుని, ప్రాణం నిలిచే చోటును ఒప్పుకోకపోతే ఆ హక్కుకు మిగిలేది తక్కువ.

హేగ్‌లో మాత్రం వాళ్ల తరఫున వాది దొరికాడు. 2019 నవంబరు 11న పశ్చిమాఫ్రికాలోని చిన్న దేశం గాంబియా, జాతి నిర్మూలన ఒడంబడికను ఉల్లంఘించిందంటూ మయన్మార్ మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. నీకేం నష్టం జరిగిందని నువ్వొచ్చావు అన్నది మయన్మార్ అభ్యంతరాల్లో ఒకటి. ఆ ఒడంబడికలో చేరిన ప్రతి దేశానికీ అడిగే హక్కుందని న్యాయస్థానం 2022 జులై 22న తీర్పు చెప్పి అభ్యంతరాలను తోసిపుచ్చింది. 1948లో ప్యారిస్‌లో దొరకని వెసులుబాటు ఇది. అయితే ఆ తీర్పు కట్టుబాటు మయన్మార్ వరకే. బాలాపూర్ గుడిసెలో ఉన్న కుటుంబం ఇక్కడ ఉండాలా పోవాలా అన్నది 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టం ప్రకారమే తేలుతుంది. అందులో శరణార్థులకంటూ వేరే దారి పెట్టలేదు.